శిక్షణ కరదీపికల తెలుగు: ముక్తకం, ప్రబంధం, పాఠపరిష్కరణ

శాస్త్ర వాఙ్మయం ప్రసక్తి వచ్చినప్పుడు తెలుగు విమర్శ వ్యాకరణ, ఛందో, వైద్య, గణిత గ్రంథాల దాకా వెళ్తుంది. ఆరోగ్య ఉపకేంద్రంలో, అంగన్‌వాడీలో, కర్మాగారంలో పనివారి చేతికిచ్చే శిక్షణ కరదీపికల దాకా రావడం అరుదు. వాటిని రచనలుగా గుర్తించే అలవాటు లేకపోవడం ఇందుకు ఒక కారణం. వాటికి కర్త పేరు ఉండదు, శైలి ఉందని ఎవరూ అనుకోరు, పదేళ్ళ తరవాత ప్రతి దొరకదు. అయినా ఇవాళ పల్లెల్లో అత్యధికంగా చదివే, చదివించే, నోటితో తిరిగి చెప్పే తెలుగు వచనంలో వీటికి గణనీయమైన భాగం ఉంది. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకంతో అంగన్‌వాడీ కార్యకర్త, 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త ఈ వచనానికి పాఠకులయ్యారు. తాము చదివింది వాళ్ళు తమ దగ్గర ఉంచుకోరు. ఇంటింటికీ తీసుకువెళ్ళి చెప్తారు. అంటే ఈ పాఠానికి పాఠకురాలే ప్రవక్త కూడా.

ఈ పుస్తకాల మీద సాధారణంగా వినిపించే ఫిర్యాదు భాష కఠినంగా ఉందని. అది నిజమే కాని అసలు చిక్కు అంతకన్నా లోతైనది. శిక్షణ పాఠం కావ్యంలాగా ఒకసారి రాసి ముగించేది కాదు. అందులోని విషయం మారుతూ ఉంటుంది. అందులోని భాగాలు వేరే శిక్షణకు, వేరే శ్రోతలకు, వేరే జిల్లాకు పనికిరావాలి. మార్చడానికి వీలుగా, మళ్ళీ వాడుకోవడానికి అనువుగా ఉండడం దాని రచనాధర్మంలో భాగం. ఆ ధర్మాన్ని తెలుగు వాక్యం ఎక్కడ నెరవేరుస్తుంది, ఎక్కడ అడ్డుపడుతుంది అన్నది పాఠవిమర్శ, వ్యాకరణం, కావ్యశాస్త్రం తెలిసినవారు అడగదగిన ప్రశ్న. ఆశా కార్యకర్తల శిక్షణ పాఠాల్లోని తల్లీబిడ్డల ఆరోగ్య విషయాలను ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ఇందులో ఇచ్చిన నమూనా వాక్యాలు ఏ ఒక్క పుస్తకం నుంచీ తీసుకున్నవి కావు. ఈ రకం రచనలో కనిపించే ధోరణులను చూపడానికి కూర్చినవి.

మారేవి, మారనివి

ముందు మార్పుల తీరు చూడాలి. 2016 ఏప్రిల్ 25న దేశమంతటా పోలియో చుక్కల మందులో మూడు రకాల వైరస్‌ల మందు పోయి రెండు రకాలది వచ్చింది. అదే సంవత్సరం రోటావైరస్ టీకా ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలైంది. 2017 నుంచి తట్టు టీకా స్థానంలో తట్టు-రుబెల్లా టీకా రావడం ఆరంభమైంది. 2019లో గర్భిణులకు ఇచ్చే ధనుర్వాతం టీకా (టీటీ) స్థానంలో ధనుర్వాతంతో పాటు కంఠసర్పిని కూడా నివారించే టీడీ ప్రవేశించింది. 2023 ఆరంభంలో పోలియో ఇంజెక్షన్ మూడో మోతాదు తొమ్మిదో నెలలో చేరింది. గర్భిణికిచ్చే ఐరన్ మాత్ర గతంలో 100 మిల్లీగ్రాములది, 100 రోజులు; 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల తరవాత 60 మిల్లీగ్రాములది, 180 రోజులు.

ఇదే కాలంలో మారని విషయాలూ ఉన్నాయి. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళయినా పట్టకూడదు. బొడ్డుతాడుకు ఏమీ రాయకూడదు. బిడ్డను తల్లి ఒంటికి హత్తుకుని వెచ్చగా ఉంచాలి. ఇరవై ఏళ్ళ కిందటి కార్యకర్తా, ఇవాళ్టి కార్యకర్తా ఇవే మాటలు చెప్తున్నారు.

ఈ భేదం నుంచి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. అలంకారశాస్త్రం పునరుక్తిని దోషాల్లో లెక్కించింది. బోధనలో అది గుణం. చెప్పిందే చెప్పనిదే పనిలోకి దిగదు. కాని శిక్షణ పాఠంలో పునరుక్తి ఎప్పుడు గుణం, ఎప్పుడు దోషం అన్నది చెప్పే విషయం స్వభావాన్నిబట్టి ఉంటుంది. ముర్రుపాల మాట పది అధ్యాయాల్లో వచ్చినా నష్టం లేదు. ఐరన్ మాత్రల లెక్క పది చోట్ల వస్తే, మారిన నాడు పది చోట్లా దిద్దాలి. తొమ్మిది దిద్ది ఒకటి మరిస్తే పుస్తకం తనతో తానే విభేదిస్తుంది. గర్భిణి సంరక్షణ అధ్యాయంలో నూట ఎనభై, రక్తహీనత అధ్యాయంలో నూరు, చివరి ప్రశ్నావళిలో మళ్ళీ నూరు కనిపిస్తే కార్యకర్త దేన్ని నమ్మాలి? ఆమె తనకు మొదట కంఠస్థమైనదాన్ని నమ్ముతుంది. పర్యవేక్షకురాలు అడిగినప్పుడు తప్పు ఆమెది అవుతుంది, పుస్తకానిది కాదు.

శిక్షణ రచయితలు సులభంగా పాటించగల నియమం ఇక్కడ దొరుకుతుంది: ‘ఎందుకు’ అనేదాన్ని ఎన్నిసార్లైనా చెప్పవచ్చు; ‘ఎంత’, ‘ఎప్పుడు’, ‘ఏ పేరుతో’ అనేవాటిని ఒక్కచోటే చెప్పాలి. కాని ఒక్కచోటే చెప్పడం ఎలా అన్నది అంత సులభం కాదు. దానికి వ్యాకరణ గ్రంథాల దగ్గరికి వెళ్ళాలి.

సంజ్ఞా పరిచ్ఛేదం నేర్పేది

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పది పరిచ్ఛేదాల గ్రంథం. సంజ్ఞా పరిచ్ఛేదం మొదటిది. ద్రుతప్రకృతికాలేవో, కళలేవో అక్కడ ఒకసారి నిర్ణయమవుతాయి. తరవాతి పరిచ్ఛేదాలు ఆ పేర్లతోనే పని నడుపుతాయి, నిర్వచనాన్ని తిరిగి చెప్పవు. నిర్వచనంలో సవరణ కావలసివస్తే చేయవలసిన చోటు ఒక్కటే. సూత్రరచనలో అనువృత్తి, అధికారం అనే ఏర్పాట్లు చేసేదీ ఇదే పని: ఒకచోట ఉచ్చరించిన పదం తరవాతి సూత్రాల్లోకి తనంత తాను ప్రవహిస్తుంది. లాఘవం కోసం ఏర్పడిన పద్ధతి ఇది అనడం పరిపాటి. నిలకడ కోసం కూడా అనవచ్చు. తక్కువ చోట్ల చెప్పినదాన్ని తక్కువ చోట్ల దిద్దితే చాలు.

చిన్నయసూరి తరవాతి చరిత్ర ఇంకా ఉపయోగకరం. బహుజనపల్లి సీతారామాచార్యులు బాలవ్యాకరణాన్ని తిరగరాయలేదు. అందులో రానివాటిని, మిగిలినవాటిని ప్రౌఢవ్యాకరణంగా (1885) సంతరించారు. దానికి త్రిలింగ లక్షణ శేషమనే పేరు కూడా ఉంది. ‘శేషం’ అన్న మాటలోనే పద్ధతి ఉంది. మూలం అలాగే ఉంటుంది, పూరణ దాని పక్కన నిలుస్తుంది, రెండింటికీ వేరు వేరు కర్తృత్వం, వేరు వేరు కాలం స్పష్టం. ఆశా శిక్షణలోనూ ఇలాంటిది జరిగింది. నవజాత శిశువుల కోసం ఇంటి సందర్శనలు ఆస్పత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరు; ఇంటి కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడు. 2018లో 3, 6, 9, 12, 15 నెలల్లో మరో అయిదు సందర్శనలు వచ్చినప్పుడు అవి వేరే కార్యక్రమంగా, వేరే పుస్తకంగా వచ్చాయి. పాతదాన్ని విప్పి కుట్టవలసిన అవసరం రాలేదు. పాతదాన్ని రద్దు చేయని మార్పుకు శేషపద్ధతి సరిపోతుంది. టీటీ పోయి టీడీ రావడం వంటి, పాతదాన్ని రద్దు చేసే మార్పుకు అది సరిపోదు. అక్కడ శేషం రాస్తే మూలం అబద్ధం చెప్తూనే ఉంటుంది.

అయితే సంజ్ఞా పద్ధతిని యథాతథంగా కరదీపికలోకి తేవచ్చునా? తేకూడదు. బాలవ్యాకరణం విద్యార్థి మొదటి నుంచి చదువుతాడు, గురువు దగ్గర చదువుతాడు. కార్యకర్త పుస్తకాన్ని మధ్యలో తెరుస్తుంది. బిడ్డకు విరేచనాలైన ఇంటికి వెళ్ళే ముందు ఆ పుట ఒక్కటే చూస్తుంది. తరచు ఆ పుట ఒక్కటే ఆమె దగ్గర ఉంటుంది, జిరాక్సు కాగితంగానో ఫోన్‌లో బొమ్మగానో. ‘మోతాదుకు మొదటి అధ్యాయం చూడండి’ అన్న మాట ఆమెకు గోడ మీద రాసిన చిరునామా లాంటిది. గిడుగు రామమూర్తి వాడుకభాషా వాదంలో అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడగాలి: ఎవరి సౌకర్యం కోసం ఈ ఏర్పాటు, రాసేవారిదా, చదివేవారిదా? దిద్దుబాటు సులభం కావాలంటే విషయం ఒక్కచోట ఉండాలి. పుట దానంతట అది పనికిరావాలంటే విషయం ప్రతిచోటా ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు. వీటి వైరాన్ని గుర్తించకుండా ‘విడివిడి భాగాలుగా రాయండి’ అని చెప్పే సలహాలు సగం సలహాలే.

ముక్తకమూ దాని ప్రమాదమూ

ఈ వైరం కావ్యశాస్త్రానికి కొత్తది కాదు. ముక్తకం ఇతర పద్యాల ఆకాంక్ష లేకుండా అర్థాన్నిచ్చేది. ప్రబంధంలో పద్యం పూర్వాపరాల మీద ఆధారపడుతుంది. శతకం ముక్తకాల సముచ్చయం. ఏ పద్యాన్ని ఎక్కడ చదివినా, ఎవరికి చెప్పినా సరిపోతుంది. మకుటం పద్యాన్ని దాని ఇంటికి కట్టివేస్తుంది. బడిలో, రచ్చబండ దగ్గర, తగాదాలో, ఉపన్యాసంలో శతకపద్యం అంతగా వాడుకలో నిలవడానికి ఈ నిర్మాణమే కారణం. పునర్వినియోగానికి తెలుగులో ఇంతకన్నా విజయవంతమైన రూపం చూపడం కష్టం. పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీ కార్యకర్తల కోసం వాడిన 21 చిన్న పాఠాల క్రమం తెలిసో తెలియకో ఈ దారిలోనిదే: ఒక సమావేశానికి ఒక పాఠం, ఒక పాఠానికి ఒక పని.

కాని ముక్తకానికి వేమన చరిత్ర ఒక హెచ్చరిక. మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా ఆ పేరుతో చెలామణి అవుతుంది. విడిగా తిరిగేది కాబట్టి మార్చడం తేలిక, చేర్చడం తేలిక, ఏది మూలమో తేల్చడం కష్టం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చువేయించేటప్పటికి ఎదుర్కొన్నది ఈ స్థితినే. అనేక ప్రతులు సేకరించడం, పండితుల చేత సరిపోల్చించడం, శుద్ధప్రతి రాయించడం ఆయన తరవాత ఎన్నో తెలుగు కావ్యాలకు చేయించిన పని. ఆ పనికి ముందు అడుగు ఏ ప్రతి ఎక్కడిదో, ఎప్పటిదో తెలుసుకోవడం.

శిక్షణ పుటలు ఇప్పుడు వేమన పద్యాల్లాగే తిరుగుతున్నాయి. ఒక జిల్లాలో తయారైన టీకాల పట్టిక మరో జిల్లా వాట్సాప్ బృందంలోకి వస్తుంది. అంచున ప్రభుత్వ చిహ్నం ఉంటుంది, అది మకుటం. సంవత్సరం ఉండదు. 2014 జూన్ 2 తరవాత ఈ చిక్కు మరింత ముదిరింది. అప్పటిదాకా ఒకటిగా ఉన్న తెలుగు పాఠం రెండు రాష్ట్రాల పాఠంగా చీలింది. 2016లో రోటావైరస్ చుక్కలు మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ లేదు. అంటే కొంతకాలం ఒకే భాషలో, ఒకే లిపిలో, దాదాపు ఒకే వాక్యాలతో రెండు టీకాల పట్టికలు ఉన్నాయి. రెండూ వాటి వాటి చోట సరైనవే. సరిహద్దు మండలంలో ఒకరి పుట మరొకరికి చేరితే అది పాఠభేదం కాదు, పొరపాటు. ఈ రెండింటి తేడాను పుట చెప్పకపోతే మరెవరూ చెప్పలేరు.

తాళపత్ర సంప్రదాయం దీనికి చేసిన ఏర్పాటు తెలుగు పరిశోధకులకు నిత్యపరిచితం. ప్రతి ఆశ్వాసం చివర గద్య ఉంటుంది. కవి ఎవరు, ఎవరి కొడుకు, కావ్యం ఏది, ఆశ్వాసం ఎన్నోది అని అది ప్రతిసారీ చెప్తుంది. చదివేవారికి విసుగనిపించే ఈ పునరుక్తి, కట్ట ఊడి ఆకులు చెదిరినప్పుడు ఏ ఆశ్వాసం ఏ కావ్యానిదో నిలబెడుతుంది. లేఖకుడు తన వంతుగా సంవత్సరం, మాసం, తిథి రాస్తాడు. శిక్షణ పుట అడుగున ఇలాంటి గద్య ఒకటి రెండు వాక్యాల్లో ఉండాలి: పాఠం పేరు, ఏ రాష్ట్రానికి, ఏ నెల సవరణ, ఏ పాత పుటకు బదులు. చివరిది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేదీ అదే. కొత్త పుట వచ్చిందని చెప్పడం వేరు, పాత పుట చెల్లదని చెప్పడం వేరు.

వాక్యం లోపలి అడ్డంకులు

ఇంతవరకు చెప్పింది పుట స్థాయిలో. తెలుగు వాక్యనిర్మాణం తెచ్చిపెట్టే చిక్కులు ఇంకా సూక్ష్మమైనవి. ఆంగ్లం నుంచి వచ్చే శిక్షణ సూత్రాలు వీటిని ఊహించలేవు. కింది నమూనా చూడవచ్చు.

‘తల్లి సబ్బుతో చేతులు కడుక్కొని, శుభ్రమైన గిన్నెలో కాచి చల్లార్చిన లీటరు నీళ్ళు పోసి, ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం అందులో వేసి, పూర్తిగా కరిగేదాకా కలిపి, విరేచనమైన ప్రతిసారీ బిడ్డకు కొద్దికొద్దిగా తాగించి, మిగిలినదాన్ని ఇరవైనాలుగు గంటల తరవాత పారబోయాలి.’

ఇది మంచి తెలుగు వాక్యమే. క్త్వార్థక క్రియలు వరసగా నడిచి చివర ఒక్క సమాపక క్రియ దగ్గర ఆగాయి. ‘-ఆలి’ అనే విధ్యర్థం ఒక్క చివరి క్రియకే ఉన్నా దాని బలం వెనక్కి పాకి అన్ని పనులనూ విధిగా చేస్తుంది. పనుల క్రమం వేరే చెప్పనక్కరలేదు, వాక్యమే క్రమం. నోటితో చెప్పడానికి ఇంత అనువైన నిర్మాణం మరొకటి లేదు. కాని దీన్ని సవరించాలన్నప్పుడు చిక్కు బయటపడుతుంది. పారబోయడం గురించిన సూచనను వేరే పుటలోకి మారిస్తే మిగిలిన వాక్యానికి తల ఉండదు; విధి పోతుంది, వాక్యమే ముగియదు. ఊళ్ళో దొరికేది లీటరు పొట్లం కాక 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న పొట్లమైతే మార్చవలసిన ‘లీటరు’ వాక్యం నడుమ, విశేషణంగా, కంటికి ఆననిచోట ఉంది. దిద్దేవారు చూడకుండా దాటిపోయేది ఇలాంటి చోటే. చిన్న పొట్లాన్ని లీటరు నీళ్ళలో కలిపితే మందు పలచబడుతుంది. లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని.

దీనికి విరుగుడుగా వాక్యాన్ని ముక్కలు చేయమంటారు. ‘చేతులు కడుక్కోవాలి. గిన్నెలో నీళ్ళు పోయాలి. పొట్లం వేయాలి. కలపాలి.’ ప్రతి పనికీ ఒక సమాపక క్రియ. ఏ ఒక్కటి తీసినా మిగిలినవి నిలుస్తాయి. ఇటీవలి అనువాద శిక్షణ పాఠాలన్నీ ఈ వైపే మొగ్గుతున్నాయి. ఈ మొగ్గు పూర్తిగా మంచిది కాదు. తెలుగులో వరస సమాపక క్రియలు ఆజ్ఞల చప్పుడు చేస్తాయి. పనులకు మధ్య ఉన్న ముందువెనకల బంధం పోతుంది. చేతులు కడుక్కున్న తరవాతే బొడ్డు తాకాలి అన్నచోట ‘కడుక్కొని తాకాలి’ అన్న క్త్వార్థకం ఒక వైద్యసత్యాన్ని మోస్తుంది. దాన్ని రెండు వాక్యాలు చేస్తే ఆ సత్యం జారిపోతుంది. కనుక విరగదీయవలసింది గొలుసంతటినీ కాదు. క్రమం మారకూడని పనులు క్త్వార్థకంతో కలిసే ఉండాలి. పరిమాణం, కాలం వచ్చేచోట మాత్రం వాక్యం ఆగాలి, ఆ సంఖ్య తన వాక్యంలో తాను కనబడాలి. పై నమూనాలో ‘పొట్లం మీద ఎన్ని నీళ్ళు అని రాసి ఉంటే అన్ని నీళ్ళు తీసుకోవాలి’ అన్న ఒక్క వాక్యం వేరుగా పెడితే ‘లీటరు’ అన్న మాటే అక్కరలేదు. సంఖ్యను ఎలా దిద్దాలా అని ఆలోచించే ముందు సంఖ్య అసలు అవసరమా అని చూడాలి.

సంఖ్యావాచకాల రూపం మరో చిక్కు. ‘మూడో రోజు’, ‘మూడు రోజులకు’, ‘మూడు రోజుల తరవాత’ అనేవి మూలంలోని ఒకే మాటకు అనువాదాలుగా వస్తాయి. తెలుగు చెవికి అవి ఒకటి కావు. పుట్టినరోజును లెక్కలో కలిపామా లేదా అన్నదాన్నిబట్టి తేదీ మారుతుంది. ఆరు సందర్శనలకూ ‘-ఓ రోజు’ రూపం ఒక్కటే పాటిస్తే ఒక పుటలోని పట్టిక మరో పుటలోకి వెళ్ళినా సరిపోతుంది. ‘పైన చెప్పినట్లు’, ‘వెనకటి పాఠంలో చూసినట్లు’, ‘కింది బొమ్మలో’ వంటివి కూడా ఇలాంటివే. పుట కదలగానే ‘పైన’ ఏమీ ఉండదు. ఇవి ప్రబంధపు జిగురు. ముక్తకంలో వీటికి చోటు లేదు.

పాటల్లో ఈ బిగింపు పరాకాష్ఠకు చేరుతుంది. ఆరోగ్య ప్రచారంలో పాట, బుర్రకథ, కళాజాత పాత సాధనాలు. నూరు మాత్రల రోజుల్లో కట్టిన పాటలో ‘నూరు’ హగణంగా లయలో ఇమిడిపోతుంది. పైగా తెలుగులో నూరు పూర్ణసంఖ్య. నూరేళ్ళ ఆయుష్షు స్ఫురణ దానితో వస్తుంది. ‘నూట ఎనభై’ ఆ చోట పట్టదు. గణం వేరు, ధ్వని వేరు. పాటను మార్చలేక పాతదే పాడతారు. పాట పుస్తకం కన్నా బాగా గుర్తుంటుంది కనుక గెలిచేది పాతదే. పాటలో పెట్టవలసింది మారని విషయం: ముర్రుపాలు, వెచ్చదనం, చేతుల శుభ్రత. మోతాదును పాట కట్టడం తాత్కాలికమైనదానికి శాశ్వతమైన వాహనం ఇవ్వడమే.

పేర్లు

టీటీ ఉదాహరణ దగ్గరికి మళ్ళీ రావాలి. పల్లెల్లో ఆ సంక్షిప్తం ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది. ‘టీటీ సూది వేయించుకున్నావా’ అన్న ప్రశ్న తెలియని ఇల్లు లేదు. కొన్నిచోట్ల ‘ధనుర్వాతం సూది’. టీడీ వచ్చాక మొదటి పేరు తప్పు అయింది, రెండోది సగం నిజమైంది. ఇదే ‘గర్భిణికి వేసే సూది’ అని పనినిబట్టి పిలిచి ఉంటే మందు మారినా మాట చెల్లేది. సంక్షిప్తనామం త్వరగా పాతబడుతుంది, రోగం పేరు నెమ్మదిగా పాతబడుతుంది, సందర్భాన్నిబట్టి పెట్టిన పేరు దాదాపు పాతబడదు. శిక్షణ రచయిత పాఠమంతటా మూడోదాన్ని వాడి, మొదటిదాన్ని పట్టికలో ఒక్కచోట మాత్రం ఉంచవచ్చు. చిన్నయసూరి సంజ్ఞ ఇక్కడ పనికివస్తుంది, పుస్తకం ముందు కాదు, ప్రతి పుటలోని పట్టికలో.

ప్రాంతభేదం మరో సంగతి. తెలుగు అకాడమి (1968) తరవాత పారిభాషిక పదాలు స్థిరపడ్డాయి; వాటిలో చాలా భాగం సంస్కృతమయం. ‘ప్రసూతి’, ‘నవజాత శిశువు’ పుస్తకంలో అందరికీ ఒకటే, ఏ ఇంట్లోనూ వినబడవు. ‘కాన్పు’, ‘పసిగుడ్డు’, ‘బాలింత’ ఇంటి మాటలు. ప్రాంతాన్నిబట్టి రూపం మారతాయి. ఏది ఎంచుకున్నా నష్టమే అన్న నిరాశకు 1962లోనే ఒక జవాబు దొరికింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం (వ్యవసాయం, 1962, చేనేత, 1971) ఒక భావనకు ప్రాంతాలవారీ రూపాలన్నీ ఒక ఆరోపం కింద నమోదు చేసింది. భావన ఒకటి, రూపాలు అనేకం. శిక్షణ పాఠంలో విషయభాగం ఉమ్మడి పదంతో ఒక్కటిగా ఉండి, సంభాషణ భాగం మాత్రం ప్రాంతాన్నిబట్టి వేరుగా ఉంటే ఈ సూత్రం నెరవేరుతుంది.

సంభాషణ వేరుగా ఉండాలనడానికి మరో కారణం సంబోధన. అనువాద కరదీపికల్లో కార్యకర్త ఇంటికి వెళ్ళి ‘సోదరీ, నమస్కారం’ అంటుంది. ఏ ఊళ్ళోనూ ఏ ఆశా అలా మాట్లాడదు. ఆమె అదే ఊరి కోడలో ఆడపడుచో. అవతలి మనిషి అక్కో వదినో పిన్నమ్మో. అత్తగారితో మాట్లాడే తీరు వేరు, కోడలితో వేరు; ముర్రుపాలు పారబోయించేది చాలా ఇళ్ళలో అత్తగారే కనుక ఆ తేడా అలంకారం కాదు. ఈ సంబోధనలను విషయంతో కలిపి ఒకే గద్యంగా అచ్చువేస్తే పాఠం ఒక ప్రాంతానికీ ఒక వరసకూ కట్టుబడిపోతుంది. విడిగా ఉంచి, వరస చోటు ఖాళీగా వదిలితే శిక్షణలో కార్యకర్తలే దాన్ని నింపుకుంటారు.

ఇందాకటి పాఠభేదాల చర్చకు ఇంకొక ఆధారం మిగిలి ఉంది. కార్యకర్తలు తమ పుస్తకాల అంచుల్లో రాసుకుంటారు. అచ్చయిన మాట పక్కన తమ ఊరి మాట, కొట్టివేసిన అంకె మీద కొత్త అంకె, నెలవారీ సమావేశంలో ఎవరో చెప్పిన సవరణ, దాని పక్కన తేదీ. టీకాల పుట మీద రాసిన ఈ రాతలు పాత అర్థంలో టీకలే. పండితుడు ప్రతుల అంచుల్లోని రాతలను పాఠనిర్ణయానికి సాక్ష్యంగా తీసుకుంటాడు. శిక్షణ పుస్తకం తరవాతి ముద్రణకు సిద్ధమయ్యేటప్పుడు పాత ప్రతులను వెనక్కి రప్పించి ఈ రాతలను చదవడం అదే పని. ఏ వాక్యం ఎక్కువమందికి అర్థం కాలేదో, ఏ అంకె ఎక్కడ దిద్దకుండా మిగిలిందో, ఏ మాటను ఏ మండలం ఏమంటుందో అక్కడ దొరుకుతుంది. ప్రస్తుతం కొత్త పుస్తకం వచ్చిన రోజున పాతది పాత కాగితాల కొట్టుకు పోతోంది, దాని అంచులతో సహా.